మాట్లాడితే మోటారు ఆగిపోతోందా? డీటీఎంఎఫ్ బోర్డుల్లో, ఈపీఏబీఎక్స్‌ల్లో దొంగ టోన్లు రాకుండా చేసుకునే పద్ధతి

ఈ మధ్య గుంటూరు, తెనాలి వైపు నుంచి ఇదే విషయం మీద తెగ ఫోన్లు వస్తున్నాయి. "అన్నా, బస్టాండ్‌లో నిలబడి మోటారు స్టార్టర్ డబ్బాలో ఉన్న ఫోన్‌కి కాల్ చేశా, నేనేం నొక్కలేదు, పక్కన బస్సు హారన్ కొట్టాడు, అంతే మోటారు ఆగిపోయింది" అంటాడొకాయన. ఇంకొకాయనది కమిషన్ కొట్టు, ఆయన బాధ వేరు, ఈపీఏబీఎక్స్ (బయటి లైన్లని కొట్టులో ఫోన్లకి పంచే చిన్న ఎక్స్ఛేంజీ) మీద పార్టీతో రేటు మాట్లాడుతుండగానే కాల్ వేరే ఎక్స్‌టెన్షన్‌కి ఎగిరిపోతోందట. రెండిటి జబ్బూ ఒకటే. ఫోన్ మీట నొక్కితే వెళ్ళే శబ్దాన్ని డీటీఎంఎఫ్ టోన్ అంటారు, దాన్ని విని ఏ అంకో చెప్పేది డిటెక్టర్. మీట నొక్కకుండానే నొక్కినట్టు ఆ డిటెక్టర్ అనుకుంటోంది. మేం దీన్ని దొంగ టోన్ అంటాం.

ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నా. వరస మార్చొద్దు, ఎందుకంటే చాలామంది ముందే గార్డ్ టైం (టోన్‌ని నమ్మే ముందు ఆగే టైం) దగ్గరికి వెళ్ళిపోయి రెసిస్టర్లు మార్చేస్తారు, అసలు తప్పు వాల్యూంలో ఉంటుంది.

1. ముందు ఏ రకం తప్పో తేల్చుకోండి

దొంగ టోన్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో నాలుగు రకాలున్నాయి, ఒక్కోదానికి మందు వేరు.

- మాటకో, పాటకో, హారన్‌కో అంకె వచ్చేస్తోంది. అసలు దొంగ టోన్ ఇదే.
- ఒక్కసారి 5 నొక్కితే 55 వస్తోంది. టోన్ మధ్యలో తెగిపోతోంది, లేదంటే ఒకే అంకె రెండు దారుల్లో వస్తోంది.
- 4 నొక్కితే 7 వస్తోంది. క్లాక్ తేడా, లేదా మీ ప్రోగ్రాంలో తప్పు.
- అంకెలేం రావట్లేదు గానీ మాట్లాడుతుండగా కాల్ కట్ అవుతోంది. ఇది బిజీ టోన్ గోల, సెక్షన్ 10కి వెళ్ళండి.

రెండు నిమిషాల్లో అసలు సంగతి చెప్తా, ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక. మీట నొక్కితే రెండు స్వరాలు కలిసి వెళ్తాయి, ఒకటి కింది గుంపులోది, ఒకటి పై గుంపులోది. కింది గుంపు 697, 770, 852, 941 హెర్ట్జ్. పై గుంపు 1209, 1336, 1477, 1633. అంకె 1 అంటే 697తో 1209, అంకె 5 అంటే 770తో 1336, హాష్ అంటే 941తో 1477. ఒకదానికొకటి గుణకాలు కాకుండా ఏరి పెట్టిన అంకెలివి, ఐనా మనిషి గొంతులో వందల స్వరాలుంటాయి కదా, "ఆఁ... చెప్పు" అని సాగదీస్తే ఆ అచ్చులో ఎక్కడో రెండు స్వరాలు కలిసి ఈ జంటల్లో ఒకదాని మీద పడి 40 మిల్లీసెకన్లు నిలబడితే చాలు, డిటెక్టర్‌కి అది మీటే.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- కాల్ రికార్డు చేసుకునే ఏర్పాటు, కంప్యూటర్‌లో ఆడాసిటీ (ఆడియో రికార్డు చేసి చూసే ప్రోగ్రాం)
- ఓసిల్లోస్కోప్ ఉంటే మంచిది, లేకపోతే సౌండ్ కార్డుతో నడిపించొచ్చు
- 47కె, 100కె, 330కె, 560కె రెసిస్టర్లు, 0.1 మైక్రోఫరాడ్ కెపాసిటర్లు నాలుగైదు
- ఒక 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ స్పేర్
- నోట్‌బుక్కు, పెన్ను. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు

చవక పసుపు డబ్బా మల్టీమీటర్ ఇక్కడ పనికిరాదు, దాంట్లో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచి మొదలవుతుంది, మనం చూసేవి మిల్లీవోల్టులు.

మోటారు స్టార్టర్ మీద పని చేసేవాళ్ళకి ఇంకో మాట. బోర్డు ముట్టుకునే ముందు మూడు ఫేజుల ఫ్యూజులూ పీకి జేబులో వేసుకోండి. మెయిన్ కిందకి దింపాం కదా చాలులే అనొద్దు, ఎవడో వచ్చి ఎత్తుతాడు. దొంగ టోన్ జబ్బున్న బోర్డు ఎప్పుడు కాంటాక్టర్‌ని (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చుని) లాగుతుందో ఎవరికీ తెలీదు, అదే టైంలో పైపు దగ్గర ఎవరన్నా చెయ్యి పెట్టి ఉంటే ఇంక అంతే.

3. ఏమీ మార్చకముందే రికార్డు చెయ్యండి

ఓపిక పట్టాల్సింది ఇక్కడే. బోర్డులోకి వెళ్ళే ఆడియోని డిటెక్టర్ ఇన్‌పుట్ దగ్గరే తీసుకుని 8 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలుగా రికార్డు చెయ్యండి. అంకె వచ్చిన టైం పక్కన రాసుకోండి. ఆస్టరిస్క్ (కంప్యూటర్ మీద నడిచే ఎక్స్ఛేంజీ సాఫ్ట్‌వేర్) ఐతే లాగర్‌లో డీటీఎంఎఫ్ ఆన్ చేస్తే ఏ సెకనులో ఏ అంకె వచ్చిందో అదే రాసిపెడుతుంది.

తర్వాత ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రాం వ్యూ (ఏ క్షణంలో ఏ స్వరాలున్నాయో చూపించే బొమ్మ) పెట్టి ఆ సెకను దగ్గర చూడండి.

- నిజం టోన్ ఐతే రెండే రెండు అడ్డగీతలు, నీట్‌గా, మిగతా అంతా నలుపు.
- మాట ఐతే నిచ్చెన మెట్ల లాగా బోలెడు గీతలు, కాస్త వంకరగా.
- కరెంటు హమ్ ఐతే 100 హెర్ట్జ్‌కొక గీత చొప్పున కాల్ మొత్తం.
- మొబైల్ బర్రుమనే మోత ఐతే 217 హెర్ట్జ్‌కొక గీత.

లైనక్స్ వాడేవాళ్ళుంటే మల్టీమాన్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, అదే ఫైలుని దానికి కూడా ఇచ్చి చూడండి. మీ బోర్డు ఒప్పుకున్న అంకెని అది ఒప్పుకోకపోతే మీ డిటెక్టర్ మరీ ఉదారంగా ఉందని అర్థం. రెండూ ఒప్పుకుంటే ఆ మాట నిజంగానే టోన్‌లా ఉందన్నమాట, అప్పుడు గార్డ్ టైం, పాస్‌వర్డ్‌లతోనే గట్టెక్కాలి.

4. సప్లై, గ్రౌండ్ శుభ్రం చెయ్యండి

మన కరెంటు 50 హెర్ట్జ్, డయోడ్ బ్రిడ్జి తర్వాత రిపుల్ (డీసీలో మిగిలిపోయే అల) 100 హెర్ట్జ్. దాని గుణకాలు లెక్కేస్తే 700 వస్తుంది, 1200 వస్తుంది. 700 అంటే 697కి పక్కిల్లు, 1200 అంటే 1209కి పక్కిల్లు, రెండూ ఒకటిన్నర శాతం లోపే ఉన్నాయి. అంటే హమ్ గట్టిగా ఉన్న బోర్డులో అంకె 1కి సగం దారి ముందే వేసి ఉంటుంది. కంప్లెయింట్ వచ్చిన బోర్డులో దొంగ అంకె ఎక్కువసార్లు 1 అని కనపడితే నేను ముందు చూసేది ఫిల్టర్ కెపాసిటరే. మన ఎండల్లో రేకు డబ్బాలో మాడి రెండేళ్ళకే ఎండిపోతాయి అవి.

చెక్‌లిస్ట్:
- 7805 (5 వోల్టుల రెగ్యులేటర్) ముందు 1000 మైక్రోఫరాడ్ కొత్తది, తర్వాత 0.1 ఒకటి ఐసీ కాళ్ళ దగ్గరే
- రిలే కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్ తిరగేసి ఉందా
- కాంటాక్టర్ కాయిల్ మీద 100 ఓమ్స్, 0.1 మైక్రోఫరాడ్ కలిపిన స్నబ్బర్ (స్పార్క్ అణిచేది) ఉందా (కెపాసిటర్ ఏసీ మెయిన్స్ రేటింగ్‌ది వెయ్యండి, సిరామిక్ బిళ్ళ కాదు)
- ఆడియో వైరు షీల్డ్‌ది, షీల్డ్ ఒక్క చివరే గ్రౌండ్‌కి
- మొబైల్ లేదా జీఎస్ఎం మాడ్యూల్ యాంటెనా డబ్బా బయట, ఆడియో వైరుకి దూరంగా

5. లెవెల్: తప్పులన్నిటికీ తల్లి

నా దగ్గరికొచ్చే బోర్డుల్లో ఎక్కువ వాటికి ఇక్కడే నయమైపోతుంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నా.

ఎంటీ8870 చిప్ సంగతి తీసుకోండి, మార్కెట్‌లో చవక బోర్డులన్నీ దాదాపు దీని మీదే. ఒక్కో స్వరం మైనస్ 29 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) నుంచి ప్లస్ 1 డీబీఎం దాకా ఉంటే ఇది ఒప్పుకుంటుంది, మిల్లీవోల్టుల్లో చెప్పాలంటే 27.5 నుంచి 869 దాకా. ఇంత పెద్ద రేంజి ఉంది కదా అని జనం ఫోన్ వాల్యూం ఫుల్ పెట్టేస్తారు. అప్పుడు టోన్ 600 మిల్లీవోల్టులు వస్తుంది, బాగానే పట్టుకుంటుంది, కానీ దానికంటే 20 డీబీ తక్కువున్న గొంతులో ముక్క కూడా 27.5 మిల్లీవోల్టుల గడప దాటి లోపలికి వచ్చేస్తుంది. గడప ఎత్తు మారదు, మీరే నీళ్ళ మట్టం పెంచేశారు.

ఇలా చెయ్యండి:

1. అవతల నుంచి 5 నొక్కి పట్టుకోమనండి.
2. చిప్ మూడో కాలు, అదే జీఎస్ దగ్గర ఓసిల్లోస్కోప్ పెట్టండి.
3. ఒక్కో స్వరం 100 మిల్లీవోల్టుల ఆర్ఎంఎస్ దగ్గర ఉండేలా వాల్యూం తగ్గించండి. గడప కంటే 11 డీబీ పైన ఉన్నట్టు, సిగ్నల్ కాస్త తగ్గినా పట్టుకుంటుంది.
4. వాల్యూం చివరి మెట్టులో కూడా ఎక్కువుంటే ఫీడ్‌బ్యాక్ 100కె తీసి 47కె వెయ్యండి. ఇన్‌పుట్ 100కె అలాగే ఉంటే గెయిన్ సగానికి తగ్గుతుంది, అంటే 6 డీబీ పైచిలుకు.
5. అలలు పైనా కిందా చదునుగా నరికినట్టు కనపడుతున్నాయేమో చూడండి. ఉంటే చిప్ దగ్గర కాదు, ఫోన్ ఇయర్‌ఫోన్ జాక్ దగ్గరే నరుకుడు పడుతోంది, రెసిస్టర్ మార్చినా లాభం లేదు, వాల్యూం తగ్గాల్సిందే.

నరుకుడు గురించి ఒక్క విషయం. మన దేశంలో డయల్ టోన్, రింగ్ టోన్, బిజీ టోన్ అన్నీ 400 హెర్ట్జ్ మీదే. 400ని నరికితే దాని మూడో గుణకం పుడుతుంది, 1200. మళ్ళీ 1209 పక్కిల్లే! పై గుంపు స్వరం ఫ్రీగా వచ్చేసింది, ఇంక కింది గుంపులో 697 దగ్గరో 770 దగ్గరో ఎవడన్నా కేక వేస్తే చాలు. ఈ చిప్‌లో డయల్ టోన్ ఫిల్టర్ ఉంది గదా అంటారు, ఉంది, కానీ దాని గుంటలు 350, 440 దగ్గర, అమెరికా డయల్ టోన్ కోసం పెట్టినవి. ఐనా 400ని చాలావరకు ఆపుతుంది, కాకపోతే బయట నరికి తెచ్చిన 1200ని అది ఏం చేస్తుంది పాపం.

తాడికొండ దగ్గర ఒక బాబాయ్ బోర్డు ఇలాగే నన్ను మూడుసార్లు తిప్పించింది. ప్రతిసారీ నేను వాల్యూం తగ్గించి వస్తా, ఆయన "సరిగ్గా వినపడట్లేదయ్యా" అని మళ్ళీ ఫుల్ పెడతాడు, లోపల ఫోనుకి వినపడాల్సిన అవసరం ఏముందో మరి. ఆఖరికి వాల్యూం మీటల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి వచ్చా.

6. క్లాక్

డిటెక్టర్ ఒకటిన్నర శాతం లోపు తేడాని ఒప్పుకోవాలి, మూడున్నర శాతం దాటితే తోసెయ్యాలి, ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) క్యూ.24 పత్రంలో ఉన్న కొలతలివి. 697 మీద ఒకటిన్నర శాతం అంటే పది హెర్ట్జే. క్లాక్ (చిప్ టైం లెక్కపెట్టుకునే ఆసిలేటర్) జరిగితే ఈ కిటికీ మొత్తం జరుగుతుంది.

- క్వార్ట్జ్ క్రిస్టల్ వాడండి. మూడు కాళ్ళ సిరామిక్ రెజొనేటర్ ఉన్న బోర్డు ఐతే మార్చేయండి, దాని తేడాయే అర శాతం దాకా తినేస్తుంది.
- ఆర్డ్యూనో చిప్‌ని లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ మీద నడిపించి టోన్లు పట్టొద్దు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు దాని తేడా 10 శాతం దాకా ఉండొచ్చు, పక్క పక్క స్వరాల మధ్య దూరమే 10 శాతం. 4కి 7 రావడం ఇక్కడి నుంచే.

అంకెలు తారుమారైతే ఇంకోటి కూడా చూసుకోండి, ఎంటీ8870లో 0 నొక్కితే బయటికి వచ్చేది సున్నా కాదు, 10. స్టార్ 11, హాష్ 12. సున్నా వచ్చిందంటే అది డీ అనే అక్షరం. కాలేజీ ప్రాజెక్టులు చేసే పిల్లలు సగం మంది ఇక్కడే పడతారు.

7. గార్డ్ టైం

టోన్ ఎంతసేపు నిలబడితే నమ్మాలి అన్నదే గార్డ్ టైం. చిప్ 16, 17 కాళ్ళ మధ్య రెసిస్టర్, 17 నుంచి సప్లైకి కెపాసిటర్, వీటితో సెట్ అవుతుంది. కెపాసిటర్ 0.1 మైక్రోఫరాడ్ అలాగే ఉంచి రెసిస్టర్ మారిస్తే దాదాపుగా ఇలా ఉంటుంది, చిప్ గుర్తుపట్టడానికి తీసుకునే 11 మిల్లీసెకన్లు కూడా కలిపి:

- 300కె: 30 మిల్లీసెకన్లు. మామూలుగా బోర్డుతో వచ్చేది ఈ సైజే (330కె కూడా ఉంటుంది).
- 560కె: 47 మిల్లీసెకన్లు.
- 1 మెగ్: 75 మిల్లీసెకన్లు.

నేను వేసేది 560కె. ఎందుకు 1 మెగ్ కాదంటే, మొబైల్‌లో మీట నొక్కినప్పుడు ఆ టోన్ మన ఫోన్ నుంచి శబ్దంగా వెళ్ళదు, "5 నొక్కాడు" అని ఒక మెసేజ్‌లా నెట్‌వర్క్‌కి వెళ్తుంది, టోన్‌ని అక్కడ ఎక్స్ఛేంజ్ పుట్టిస్తుంది. జీఎస్ఎంలో అది పుట్టించే టోన్ కనీసం 70 మిల్లీసెకన్లు, రెండు టోన్ల మధ్య ఖాళీ కనీసం 65. మీరు 75 కావాలని కూర్చుంటే చటుక్కున నొక్కిన మీట అసలు పట్టదు. పైగా గార్డ్ టైం పెంచితే టోన్ అయిపోయిందని తేల్చుకునే టైం కూడా పెరుగుతుంది, 1 మెగ్‌తో అది 79 దాకా వెళ్తుంది, ఖాళీ 65 మాత్రమే కాబట్టి వరసగా నొక్కిన రెండు 5లు ఒకటే అయిపోతాయి. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది.

ఇందులోనే ఇంకో కిటుకు. అవతల వాడు నొక్కిన టోన్ శుభ్రంగా పుట్టినా, స్టార్టర్ డబ్బాలో ఉన్న ఫోన్ దగ్గరికి మాత్రం అది మాటలాగే కోడెక్‌లో (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిలో) నలిగి వస్తుంది. మనిషి గొంతు కోసం తయారైన కోడెక్ అది, టోన్‌ని అక్కడక్కడా గతుకులు చేస్తుంది. గతుకుల వల్ల 5 కాస్తా 55 ఐతే రెసిస్టర్ ఊరికే పెంచడం కాదు, పట్టే టైం, వదిలే టైం వేరు వేరుగా సెట్ చెయ్యాలి. ఒక 1ఎన్4148 డయోడ్, ఇంకో రెసిస్టర్ కలిపి డేటాషీట్‌లో స్టీరింగ్ సర్క్యూట్ అని రెండు బొమ్మలుంటాయి, ఒకటి పట్టే టైం తగ్గించేది, రెండోది వదిలే టైం తగ్గించేది. మాటలకి అంకెలు వస్తుంటే పట్టే టైం ఎక్కువ ఉన్న బొమ్మ, ఒక అంకె రెండుగా పడుతుంటే వదిలే టైం ఎక్కువ ఉన్న బొమ్మ. డయోడ్ తిరగేసి పెడితే ఫలితం కూడా తిరగబడుతుంది, జాగ్రత్త.

ఐదో కాలు ఐఎన్‌హెచ్‌ని సప్లైకి కలిపేయండి. ఏ, బీ, సీ, డీ అక్షరాలు మనకెవరికీ అక్కర్లేదు, ఆ నాలుగు తలుపులూ మూసేస్తే అంత మేర దొంగలు తగ్గినట్టే.

8. సాఫ్ట్‌వేర్‌తో పట్టేవాళ్ళు చూడాల్సినవి

గోర్ట్‌జెల్ లెక్కతో ఎనిమిది స్వరాల బలం కొలిచి, పెద్దవి రెండూ తీసుకుని అంకె చెప్పేస్తే సరిపోదు. నెట్‌లో దొరికే కోడ్ సగం ఇంతే చేస్తుంది. ఈ పరీక్షలన్నీ పాసైతేనే నమ్మండి:

1. గుంపులో పెద్ద స్వరం మిగతా మూడిటికంటే కనీసం 8 డీబీ ఎక్కువుండాలి.
2. రెండు గుంపుల మధ్య తేడా: కింది స్వరం 8 డీబీ దాకా ఎక్కువున్నా ఓకే, పై స్వరం 4 డీబీ కంటే ఎక్కువుంటే వద్దు. లైను పొడుగైతే పై స్వరమే ఎక్కువ నలుగుతుంది కాబట్టి రెండు వైపులా ఒకే హద్దు పెట్టరు.
3. మొత్తం శబ్దంలో ఆ రెండు స్వరాల వాటా ఎంత? నేను 80 శాతం దగ్గర మొదలుపెట్టి, నిజం మీటలు పోతుంటే కొంచెం కొంచెం దింపుతా. మాటని పట్టిచ్చేది అన్నిటికంటే ఎక్కువ ఇదే, ఎందుకంటే గొంతులో బలం పది చోట్ల చెదిరి ఉంటుంది.
4. ఆ స్వరాలకి రెట్టింపు దగ్గర కూడా బలం ఉంటే అది గొంతు. 697 ఉంటే 1394 చూడండి.
5. వరసగా రెండు బ్లాకుల్లో (ఒక్కో లెక్కకి తీసుకునే శాంపిళ్ళ కట్ట ఒక బ్లాకు) అదే అంకె రావాలి.
6. అదే అంకె మళ్ళీ ఒప్పుకోవాలంటే మధ్యలో ఖాళీ కనపడాలి.

బ్లాకు సైజు పుస్తకాల్లో 205 శాంపిళ్ళని ఉంటుంది, 8 కిలోహెర్ట్జ్ మీద 25.6 మిల్లీసెకన్లు. ఆస్టరిస్క్ 102 వాడుతుంది, 12.75 మిల్లీసెకన్లు. చిన్న బ్లాకు ఐతే త్వరగా తెలుస్తుంది గానీ పక్క స్వరాలు కలిసిపోతాయి.

సిమ్800 లాంటి జీఎస్ఎం మాడ్యూల్‌లో లోపలే డిటెక్టర్ ఉంది, ఏటీ కమాండ్‌తో ఆన్ చేస్తే అంకెలు సీరియల్‌లో వచ్చేస్తాయి. ఆడియో వైరు గొడవ పోతుంది, కానీ గార్డ్ టైం మీద మీకు పట్టు తగ్గుతుంది, కాబట్టి సెక్షన్ 11 వదలకుండా చెయ్యండి.

9. ఆఫీసు ఈపీఏబీఎక్స్, ఆస్టరిస్క్, గేట్‌వేలు

- ఆస్టరిస్క్‌లో రిలాక్స్‌డీటీఎంఎఫ్ అనే సెట్టింగ్ ఉంటే నో చెయ్యండి. టోన్ పట్టట్లేదని ఎవరో ఎప్పుడో యెస్ పెట్టి మర్చిపోయి ఉంటారు. దాని పనే హద్దులు సడలించడం.
- దాని డీఎస్పీ కాన్ఫిగ్ ఫైల్లో హిట్స్ టు బిగిన్ అని ఉంటుంది, మామూలుగా 2. దాన్ని 3 చేస్తే మాటలకి అంకెలు తగ్గుతాయి. 4 మాత్రం వద్దు, నిజం మీటలు పోతాయి.
- సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద వచ్చే ఫోన్ లైన్) మీద టోన్లు ఆడియోలో కాకుండా ఆర్ఎఫ్‌సీ 4733 ఈవెంట్లుగా, అంటే "ఫలానా అంకె నొక్కారు" అనే మెసేజ్‌లుగా తీసుకోండి. అప్పుడు మాటల్లో వెతకాల్సిన పనే లేదు, దొంగ టోన్ పుట్టే చోటే ఉండదు.
- గేట్‌వే (ఫోన్ లైన్‌ని ఇంటర్నెట్ కాల్స్‌తో కలిపే పెట్టె) ఈవెంటూ పంపి, ఆడియోలో టోన్ కూడా ఉంచితే ఒక్క నొక్కుకి రెండు అంకెలు. రెండిట్లో ఒకటే ఉంచండి.
- జీ.729 కోడెక్ మీద ఆడియో టోన్లు నమ్ముకోవద్దు. జీ.711 ఓకే.

మాట్లాడుతుండగా కాల్ ఎగిరిపోతోందన్న కమిషన్ కొట్టు సంగతి ఇక్కడ తేలింది. వాళ్ళది ఆస్టరిస్క్ మీద కట్టిన సిస్టం, డయల్ కమాండ్‌లో చిన్న టీ, పెద్ద టీ రెండూ పెట్టి ఉన్నాయి, అంటే మాట్లాడుతున్నంతసేపూ ఇరువైపులా ట్రాన్స్‌ఫర్ మీట కోసం చెవి ఒగ్గి ఉంటుంది, ఆ మీట డిఫాల్ట్‌గా ఒక్క హాష్. మిర్చి సీజన్‌లో కొట్టు ముందు ఎంత అరుపులుంటాయో తెలిసిందే కదా. ఎవరి అరుపో 941, 1477 మీద పడగానే ట్రాన్స్‌ఫర్. బయటి నుంచి వచ్చేవాడికి ట్రాన్స్‌ఫర్ హక్కు తీసేసి, లోపలివాళ్ళకి స్టార్ 2 పెట్టాం, గొడవ పోయింది.

వాయిస్ మెనూ ఉన్నవాళ్ళు ఇంకోటి చూడాలి. మీరు ప్లే చేసే "ఒకటి నొక్కండి" రికార్డింగే అనలాగ్ లైన్ మీద తిరిగొచ్చి మీ డిటెక్టర్‌లోనే పడొచ్చు. ఎకో క్యాన్సిలర్ ఆన్ చెయ్యండి, ప్రాంప్ట్ వాల్యూం తగ్గించండి, వెనకాల మ్యూజిక్ ఉంటే తీసేయండి. అనుమానం ఉంటే ప్రాంప్ట్ ఫైల్ ఒక్కటే మల్టీమాన్‌కి ఇచ్చి చూడండి, అంకె వస్తే ఆ వాక్యం మళ్ళీ రికార్డు చెయ్యడమే.

10. మాట మధ్యలో కాల్ కట్ ఐతే

ఇది బిజీ టోన్ డిటెక్షన్ చేసే పని. అవతలివాడు పెట్టేశాడని సిస్టం అనుకుంటోంది.

- ఆస్టరిస్క్‌లో కాల్‌ప్రోగ్రెస్ ఆఫ్. ప్రయోగం కోసం పెట్టిందది, దుకాణంలో వాడేది కాదు.
- బిజీడిటెక్ట్ ఆన్ ఉంచి బిజీకౌంట్ 6 గానీ 8 గానీ చెయ్యండి.
- బిజీప్యాటర్న్ 750, 750 ఇవ్వండి. మన బిజీ టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. ప్యాటర్న్ ఇవ్వకపోతే "ఊఁ... ఊఁ... ఊఁ" అని తాపీగా వినేవాళ్ళందరి కాల్సూ కట్ ఐపోతాయి.
- లైన్ ఇచ్చేవాళ్ళు పెట్టేసినప్పుడు పొలారిటీ రివర్సల్ (లైన్ వోల్టేజి ప్లస్, మైనస్ తారుమారు) ఇస్తే అది వాడుకోండి, టోన్ వెతికే పనే ఉండదు.

11. ఒక్క అంకెకి పని అప్పగించొద్దు

పైవన్నీ చేసినా ఎప్పుడో ఒకసారి దొంగ అంకె వస్తుంది. వచ్చినా ఏమీ జరగకుండా ఉండాలి. అమ్మేవాళ్ళు "1 నొక్కితే ఆన్, 2 నొక్కితే ఆఫ్" అని గొప్పగా చెప్తారు, నాకు మాత్రం ఆ బోర్డు చూస్తేనే భయం.

నేను పెట్టే పద్ధతి:

1. తెలిసిన నంబర్ల నుంచి వస్తేనే కాల్ ఎత్తాలి. నాలుగైదు నంబర్లు చాలు.
2. ఎత్తిన మొదటి సెకను అంకెలేం వినొద్దు. లైన్ కలిసేటప్పుడు వచ్చే చిటపటలన్నీ అందులో పోతాయి.
3. కమాండ్ స్టార్‌తో మొదలవ్వాలి, మధ్యలో మూడు వేరు వేరు అంకెలు, హాష్‌తో అయిపోవాలి. 111 లాంటివి పెట్టొద్దు, గతుకుల టోన్ ఒక్క 1ని 111 చెయ్యగలదు.
4. ఒక అంకెకి ఇంకో అంకెకి మధ్య 4 సెకన్లు దాటితే మొత్తం చెరిపేసి మొదటికి.
5. మధ్యలో తప్పు అంకె వస్తే సర్దుకోవద్దు, అదీ చెరిపెయ్యాలి.
6. ఆన్ కమాండ్ వచ్చాక బీప్ ఇచ్చి ఇంకో అంకెతో కన్ఫర్మ్ అడగాలి. ఆఫ్‌కి కన్ఫర్మ్ వద్దు, ఆపాల్సినప్పుడు వెంటనే ఆగాలి.
7. కమాండ్ పూర్తవగానే బోర్డే కాల్ పెట్టెయ్యాలి. లైను తెరిచి ఉన్నంతసేపే దొంగకి అవకాశం. ఏమీ నొక్కకపోతే 30 సెకన్లకి అదే పెట్టెయ్యాలి.

మోటారు దగ్గర "ఫోన్ కంట్రోల్ బంద్" అని ఒక మామూలు స్విచ్చు పెట్టించండి. రిపేరుకి వెళ్ళేవాడు ముందు అది తిప్పి, తర్వాత ఫ్యూజులు పీకాలి.

12. పరీక్ష

బోర్డుకి రిలే తీసేసి ఎల్ఈడీ పెట్టి, కాల్ కలిపి, అరగంట మాటలు వినిపించండి. రేడియో వార్తలు, ఇద్దరు ఆడవాళ్ళు ఇద్దరు మగవాళ్ళ సంభాషణ, పిల్లల అరుపులు, నాదస్వరం, బస్సు హారన్. నాదస్వరం ఎందుకంటే స్వరం కదలకుండా నిలబడుతుంది, డిటెక్టర్‌కి అది కష్టమైన పరీక్ష. ఎన్ని దొంగ అంకెలు వచ్చాయో రాసుకోండి.

తర్వాత రెండో వైపు పరీక్ష, ఇది చాలామంది ఎగ్గొడతారు. పన్నెండు మీటలూ ఒక్కోటి ఇరవై సార్లు, సగం చటుక్కున, సగం నింపాదిగా నొక్కండి. వేరే వేరే ఫోన్ల నుంచి, ఒకసారి సిగ్నల్ ఒక గీతే ఉన్న చోటు నుంచి. దొంగ అంకెలు సున్నా అయ్యాయి గానీ నిజం మీటలు పదికి ఒకటి పోతోందంటే మీరు ఎక్కువ బిగించారు, ఆఖరున మార్చిందాన్ని ఒక మెట్టు వెనక్కి తియ్యండి. ఒక్కసారికి ఒక్కటే మార్చమని అందుకే అంటున్నా, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో మీకే తెలీదు.

13. ఎక్కువగా జరిగే తప్పులు, మందు

- దొంగ అంకె ఎప్పుడూ 1 ఐతే: హమ్, లేదా నరుకుడు. సెక్షన్ 4, 5.
- మోటారు ఆన్ అయిన క్షణమే ఇంకో అంకె వస్తే: కాంటాక్టర్ స్పార్క్. స్నబ్బర్ వేసి, రిలే లాగాక 300 మిల్లీసెకన్లు అంకెలు వినకుండా ప్రోగ్రాం చెయ్యండి.
- ఎస్ఎంఎస్ వచ్చినప్పుడల్లా అంకె వస్తే: డబ్బాలో ఫోన్ బీప్ ఇయర్‌ఫోన్ దారిలోకి పోతోంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, కాల్ వెయిటింగ్ తీసేయండి, ఆపరేటర్ పంపే ఆఫర్ మెసేజ్‌లకి డీఎన్‌డీ పెట్టండి.
- ల్యాండ్‌లైన్ మీద ప్రతి కాల్‌కీ రింగ్ ముందే పది అంకెలు వస్తే: అది దొంగ కాదు, కాలర్ ఐడీ! మన దగ్గర కొన్ని ల్యాండ్‌లైన్లలో నంబరు డీటీఎంఎఫ్‌లోనే వస్తుంది. లైన్ ఎత్తకముందు వచ్చినవన్నీ వదిలెయ్యమని ప్రోగ్రాంలో రాయండి.
- చలికాలం బాగుండి ఎండాకాలం చెడితే: ఫిల్టర్ కెపాసిటర్, తర్వాత రెజొనేటర్.

ఇవన్నీ వరసగా చేసినా ఇంకా వస్తుంటే రికార్డు చేసిన వేవ్ ఫైలు, అంకె వచ్చిన టైం, జీఎస్ దగ్గర కొలిచిన మిల్లీవోల్టులు, ఏ రెసిస్టర్ ఉంది, ఈ నాలుగూ రాసుకుని మీకు దగ్గర్లో ఉన్న తెలిసిన మెకానిక్‌కి చూపించండి. "బోర్డు పాడైంది" అని మాత్రం చెప్పొద్దు, వెంటనే కొత్తది అంటగడతాడు, దాంట్లోనూ అదే చిప్, అదే 300కె ఉంటుంది.